ముప్ఫై ఎనిమిది ముళ్ళ తాత

ముందే ఒప్పేసుకుంటే తన్నేవాళ్ళు కాస్త చిన్నగా తంతారని నా ఆశ. అందుకని ఒప్పుకుంటున్నాను. చనిపోయి నలభై ఏళ్ళు దాటిన ఒక పెద్దమనిషి చేత నేను కొత్తగా కుట్టుపని చేయించాను. ఆ పని చూసి ఒక డాక్టరమ్మ మోసపోయింది, ఒక తల్లి పొంగిపోయింది, ఒక పిల్ల రెండు నెలలు గుండెల మీద చెయ్యేసుకుని నిద్రపోయింది. నేను చేసిన వెధవ పనుల చిట్టా చాంతాడంత ఉంటుంది గానీ, మిగతావి తల్చుకుంటే నవ్వొస్తుంది. ఇది తల్చుకుంటే రాదు.

ఈ కథలో కోతి అని ఒకడు తగులుతాడు. వాడు నేనే. నేను నేను అంటూ రాస్తే నా మీద నాకే జాలి పుట్టి కథ పాడవుతుంది. వాడు దూరంగా ఉంటేనే మంచిది. కథ పెద్దమ్మది.

పెద్దమ్మంటే కోతిగాడి నాన్నకి వదిన. రఫూ పని చేస్తుంది. కోటుకో ప్యాంటుకో చిల్లు పడితే అతుకు వెయ్యకుండా, అదే బట్ట లోపలి మడతలోంచి పోగులు లాగి, సూదితో మళ్ళీ నేసి, అక్కడ చిల్లు ఉండేదన్న సంగతే మాయం చెయ్యడం రఫూ. చెప్పుల కొట్టుకీ ఫోటో స్టూడియోకీ మధ్య ఇరుక్కున్న ఆమె కొట్టులో ఇద్దరు నిలబడితే మూడోవాడు ఊపిరి రోడ్డు మీద పీల్చుకోవాలి. ఉత్తరం వైపు ఒక కిటికీ. దాని కింద కాళ్ళు సగానికి కోసేసిన పొట్టి కుర్చీ. బట్ట బిగించి పట్టుకోవడానికి నున్నటి చెక్క గుండు. మందుల సీసాలో సూదులు.

కోటు తీసుకోడానికొచ్చిన ప్లీడరు దాన్ని అటూ ఇటూ తిప్పి చిరాకుపడేవాడు.

"ఇంకా చెయ్యలేదేంటమ్మా? ఇవ్వాళ ఇస్తానన్నారుగా!"

"చిల్లెక్కడుందో చూపించండి, ఇప్పుడే చేసిచ్చేస్తా."

ప్లీడరు కిటికీ దగ్గరికెళ్ళి వెతికేవాడు. మోచెయ్యి చూసేవాడు, జేబు చూసేవాడు. చివరికి అనుమానంగా, "అసలిది నా కోటేనా?" అనేవాడు.

"మీదే. లోపలి జేబులో లాటరీ టికెట్టుంది. తగల్లేదు, చూశాను."

పెద్దమ్మ బతుకులో పండగంటే అదే. చిల్లు గలవాడే చిల్లుని వెతుక్కోవాలి.

ఆ కుర్చీలో ఆమె నాలుగోది. ముందు ముత్తవ్వ, తర్వాత తాత, తర్వాత నాన్న, ఆ తర్వాత పెద్దమ్మ. ఆ ఇంటి వంశవృక్షం కాగితం మీద లేదు, జానెడు వెడల్పున్న ఉన్నిగుడ్డ మీద ఉంది. కుర్చీ ఎక్కినరోజు ఆ గుడ్డకి చిల్లు చేసి ఒక రఫూ చెయ్యాలి. కుర్చీ దిగేరోజు ఇంకోటి. ఆ రెంటికీ మధ్య, కూర్చున్న ప్రతి ఏడాదికీ ఒక దారప్పోగు ముడి. ముత్తవ్వవి ఇరవై రెండు ముళ్ళు, నాన్నవి ఇరవై. పెద్దమ్మవి ఇప్పటికి ఇరవై నాలుగు. తాతవి ఏకంగా ముప్ఫై ఎనిమిది. కానీ తాత దిగినప్పటి రఫూ మాత్రం గుడ్డ మీద లేదు. ఎందుకు లేదని ఎవరూ అడగలేదు. చుట్టచుట్టి పెట్టెలో పెట్టి, ఏడాదికోసారి చివరి కొస మాత్రం తీసి, ముడేసి మళ్ళీ చుట్టేసేవాళ్ళు.

ఇక్కడే కోతి దూరాడు.

వాడు సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు. ఎవరూ నేర్పలేదు. పాడైనవి విప్పి, బాగున్నవి పాడుచేసి, తనంతట తనే నేర్చుకున్నాడు. ఒకరోజు పెద్దమ్మ ఏదో మాటమీద, "బట్ట వెనక్కి తిప్పి చూపిస్తే చాలు, అది మా ఇంట్లో ఎవరి చెయ్యో చెప్పేస్తాన్రా" అంది. అంతే. వాడి బుర్రలో పురుగు తొలిచింది. పెట్టెలోంచి గుడ్డ కాజేశాడు. ఫోన్ల బోర్డులు చూసే భూతద్దం కింద పెట్టి, పదకొండు రోజులు కుస్తీపట్టి, తాత ముప్ఫై ఎనిమిదో ముడి పక్కన గోరంత రఫూ చేశాడు. వేలితో తడిమినా తెలీనంత సన్నంగా కుదిరింది. గుడ్డని మళ్ళీ చుట్టి పెట్టెలో పెట్టేశాడు. ముడి వేసేరోజు దగ్గర్లోనే ఉంది. ఆరోజు వాడే చుట్ట విప్పి చూపిస్తాడు, పెద్దమ్మ చూస్తుంది, 'ఎవడ్రా ఈ పని చేసింది' అని అరుస్తుంది, చెక్క గుండు విసురుతుంది, అందరూ పగలబడి నవ్వుకుంటారు. వాడి లెక్క అది.

కానీ ముడి రోజుకన్నా ముందు పెద్దమ్మ స్టూలు తన్నుకుని పడింది.

మొదటిసారి కాదు. ఏడాదిగా ఆమె ఇంట్లో అందర్నీ వస్తువులు జరుపుతున్నారని తిడుతూనే ఉంది. "ఈ తలుపు మొన్నటిదాకా ఇక్కడుందా?" అని కూతుర్ని నిలదీసింది కూడా. కూతురికి ఇరవై ఏళ్ళు, బేకరీలో బిల్లులు కొడుతుంది. "తలుపుని ఎవరు జరుపుతారమ్మా!" అని నవ్వేసేది. సూది చూస్తే సూది కనపడేది, సూది పక్కనున్న కత్తెర కనపడేది కాదు. సాయంత్రం లైటు వేసేలోపు గది మొత్తం మాయమయ్యేది. అయినా పోగులు మాత్రం నేస్తూనే ఉంది. మధ్యలో నాణెమంత జాగా వెలుగుంటే రఫూకి చాలు.

పడినప్పుడు మణికట్టు బెణికింది. మణికట్టు చూసినాయన కళ్ళ డాక్టరమ్మ దగ్గరికి పంపాడు.

డాక్టరమ్మ లైటు వేసి, కన్ను లోపలికి చాలాసేపు చూసి, కుర్చీ వెనక్కి జరుపుకుంది.

"చూపు చుట్టూరా అంచుల్నుంచి తగ్గుతూ వస్తోందమ్మా. ఇది ఇళ్ళల్లో వచ్చే జబ్బు. మీ అమ్మానాన్నల్లో ఎవరికైనా ఇలా ఉండేదా?"

"లేదండి. మా నాన్నకి చెయ్యి వణికేది, అందుకని పని మానేశాడు. కళ్ళు కాదు."

"వణుకు ఎప్పుడు మొదలైంది?"

"నలభై దాటాక."

"చీకటి పడ్డాక ఆయన బయటికెళ్ళేవారా?"

చీకటి పడకముందే ఇల్లు చేరే బుద్ధిమంతుడని పెద్దమ్మ వాళ్ళమ్మ ఆయన గురించి వీధంతా గొప్పగా చెప్పుకునేది. ఆ మాట ఇన్నేళ్ళకి ఇప్పుడు వేరేలా వినపడింది.

"మందుందా అండి?"

"ఉంటే ముందే రాసేదాన్ని. ఉన్న చూపుని జాగ్రత్తగా వాడుకోవడమే."

పెద్దమ్మ తల ఊపింది. తన సంగతి అక్కడితో వదిలేసింది. పక్కనే కూతురు కూర్చుని ఉంది, చేతిలో బేకరీ టోపీ నలుపుకుంటూ.

"మరి దీనికో?"

డాక్టరమ్మ కాగితం తీసింది. ఈ జబ్బు ఇళ్ళల్లో రెండు రకాలుగా నడుస్తుందట. ఒకటి తిన్నగా దిగుతుంది, తల్లికో తండ్రికో ఉంటేనే పిల్లలకొస్తుంది. అదే అయితే కూతురికి వచ్చే భయం సగానికి సగం. రెండోది తరాల మధ్య దాక్కుంటూ వస్తుంది, మధ్యలో వాళ్ళ కళ్ళు నిక్షేపంలా ఉంటాయి. అదైతే కూతురికి భయం చాలా తక్కువ. రక్తపరీక్షలున్నాయి గానీ అవి అన్ని ఇళ్ళ సంగతీ తేల్చలేవు. "ముందు నాలుగు తరాల పటం గీసుకురండి. ఎవరి చూపు ఏ వయసులో తగ్గింది, ఎవరిది తగ్గలేదు. అది చాలా చెప్తుంది" అంది.

కొట్టు చేరగానే పెద్దమ్మ పెట్టె తెరిచింది. కూతురు గుడ్డని కిటికీ కింద బారుగా పరిచింది. కోతిగాడు గుమ్మంలో నిలబడ్డాడు, పటం గీసిపెట్టు అని పిలిస్తే వచ్చాడు. అందులో తన పేరు గీసుకోవాల్సిన పని వాడికి లేదు. ఆ రక్తం వాడిది కాదు.

ముత్తవ్వ ఎక్కినప్పటి రఫూ నీళ్ళలా ఉంది. ఇరవై రెండు ముళ్ళు. దిగినప్పటిది చిన్నపిల్లలు కుట్టినట్టు అడ్డదిడ్డంగా ఉంది. నాన్నదీ అంతే, ఎక్కినప్పుడు వెన్న, దిగినప్పుడు ముళ్ళకంప. ఇన్నేళ్ళూ అది వణుకనుకుంది. పెద్దమ్మ వేలు వాటి మీద పాకుతుంటే కూతురు వేరే వైపు చూసింది.

"తాతది చూడమ్మా" అంది కూతురు. "తాతది దిగింది లేదుగా?"

పెద్దమ్మ ముప్ఫై ఎనిమిదో ముడి దాకా వచ్చి, దాన్ని దాటి, ఆగింది. గుడ్డని వెలుగుకెత్తి ముక్కు దగ్గరికి లాక్కుంది. వెనక్కి తిప్పింది. మళ్ళీ ముందుకి తిప్పింది.

"ఒసే చిట్టీ! ఉందే! ఇక్కడే ఉందే!"

"ఎక్కడా? నాకు కనపట్టం లేదు."

"నాకూ ఇన్నేళ్ళు కనపళ్ళేదుగా! కనపళ్ళేదంటే లేదనుకున్నాను, చూడు ఎంత మొద్దుదాన్నో! రఫూ కనపడకపోతేనే కదే అది రఫూ! ముప్ఫై ఎనిమిదేళ్ళు పనిచేసి, అరవై దాటాక కుట్టాడే ఇది. ఈ చెయ్యి చూడు. ఈ కన్ను చూడు!"

ప్రపంచంలో ఇంకే పని చేసేవాళ్ళకీ ఈ పొరపాటు జరగదు. ఉండాల్సింది కనపడకపోతే అందరూ లేదనుకుంటారు. రఫూవాళ్ళు మాత్రం అది అంత బాగా ఉందనుకుంటారు.

కోతిగాడు గుమ్మంలోంచి ఒకడుగు లోపలికేశాడు. చెప్పాల్సింది అప్పుడే. కానీ పెద్దమ్మ కూతుర్ని దగ్గరికి లాక్కుని, నెత్తిమీద ముద్దులు పెడుతూ, "తాతకి కళ్ళున్నాయే, నీకేం కాదే, తాత కళ్ళే నీవి" అంటుంటే, 'అది నేను కుట్టానహో' అని అనగలిగిన మగాడు వాడు కాదు. రేపు చెప్తాననుకున్నాడు. ఇంటికెళ్ళి భూతద్దం ముందు కూర్చున్నాక వాడికి ఇంకో సంగతి తట్టింది. ఎవరి చెయ్యో చూడగానే చెప్పే మనిషి, వాడి చేతిని తాత చెయ్యనుకుంది. వాడి వేళాకోళం గెలిచిందంటే కారణం వాడి పనితనం కాదు.

పటం వాడే గీశాడు. డాక్టరమ్మ అడిగినట్టే, చూపు పోయినవాళ్ళ గుండ్రాలు నల్లగా నింపాడు. ముత్తవ్వ నలుపు, నాన్న నలుపు, పెద్దమ్మ నలుపు. తాతది తెల్లగా వదిలేశాడు. డాక్టరమ్మ చూసి, "మధ్యలో ఒక తరం బాగుందే! అయితే తిన్నగా దిగే రకం కాకపోవచ్చు" అంది. "అమ్మాయికి ఏ ఇబ్బందీ లేదంటోందిగా, కంగారేం లేదు, వీలున్నప్పుడు ఓసారి తీసుకురండి."

ఆ వీలు రెండు నెలలు రాలేదు. కూతురు బేకరీ మానేసి పొట్టికుర్చీ ఎక్కింది. పెద్దమ్మ దిగే రఫూ కుట్టాక, గుడ్డ మీద తన మొదటి రఫూ చేసింది. పెద్దమ్మ పక్కన స్టూలు మీద కూర్చుని, "లాగకే, పోగు ఏడుస్తోంది" అని సతాయిస్తూ నేర్పేది. రోజురోజుకీ ఆమె వెలుగు నాణెం చిన్నదవుతున్నా గొణిగేది కాదు. కోతిగాడు రోజూ చెప్పడానికొచ్చి, రోజూ ఏదో జోకేసి పోయేవాడు.

చివరికి సంగతి బయటపెట్టింది అత్త. పెద్దమ్మకి మేనత్త, అంటే తాతగారి సొంత కూతురు. ఎనభై రెండేళ్ళు. పుస్తకాల కొట్టు మీద మూడో అంతస్తులో కొడుకు దగ్గర ఉంటుంది. పెద్దమ్మకి మెట్లు కష్టం కాబట్టి కోతి భుజం పట్టుకుని ఎక్కింది. తాత కళ్ళ గొప్ప ఆయన కూతురి దగ్గర చెప్పుకోవాలని ఆమె సరదా.

వాళ్ళు గుమ్మంలో ఉండగానే లోపల్నుంచి అత్త, "ఒరే కోతీ, చొక్కా బొత్తాం తప్పు కాజాలో పెట్టావు, సరిచేసుకో" అంది.

"అంత దూరం నుంచి కనపడిందా అమ్మమ్మా?"

"నా కళ్ళకేం రోగం?"

పెద్దమ్మ మురిసిపోయింది. "కనపడదూ మరి! ఎవరి కూతురివి! తాత అరవై దాటాక కూడా ఎంత సన్నగా కుట్టాడో తెలుసా అత్తా? గుడ్డ మీద చూశాను."

అత్త తింటున్న బిస్కెట్టు పక్కన పెట్టింది.

"ఎవరు కుట్టింది?"

"తాత. దిగినప్పటి రఫూ."

"మా నాన్నా? మా నాన్న దిగిందెప్పుడే?"

"అదే, ముప్ఫై ఎనిమిదేళ్ళకి..."

"పిచ్చిదానా. ఆ ముళ్ళు సగం నేనే వేశాను." అత్త గొంతు తగ్గింది. కొడుకు లేడని తెలిసీ గది వైపు ఓసారి చూసింది. "నా పదకొండో ఏటికే ఆయనకి చూపు పోయింది. బయటికి తెలిస్తే బేరాలు పోతాయని అమ్మ ఆయన్ని చేతిలో సూదిపెట్టి కిటికీలో కూర్చోబెట్టేది. వెనక గదిలో పని నేనూ అమ్మా చేసేవాళ్ళం. వచ్చినవాళ్ళు కోటు చూసి ఆయనకి దణ్ణం పెట్టిపోయేవాళ్ళు. పోయేదాకా దిగలేదు కాబట్టే దిగిన రఫూ లేదు. ఉన్న రఫూ ఎవడు కుట్టాడో నాకేం తెలుసు?"

"ఎవరికీ చెప్పలేదేం అత్తా?"

"చెప్పొద్దన్నారు. మళ్ళీ చెప్పమని ఎవరూ అనలేదు."

పెద్దమ్మ నీళ్ళు తాగింది. గ్లాసు బల్ల మీద పెట్టబోయి అంచు తప్పింది. అత్త లేచి పట్టుకుంది. పట్టుకుని, గ్లాసు వైపు కాకుండా పెద్దమ్మ మొహంలోకి చాలాసేపు చూసింది.

"నీకూనా?" అంది.

మెట్ల మీద, రెండో మలుపు దగ్గర, కోతిగాడు చెప్పేశాడు. మూట దించినట్టు ఒక్కసారిగా వదిలేశాడు. ఆమె ఆరోజు అన్న మాట, భూతద్దం, పదకొండు రోజులు, అన్నీ. "నవ్వుకోడానికి చేశాను పెద్దమ్మా. తర్వాత చెప్పడానికి నోరు రాలేదు."

వాడు దెబ్బకి సిద్ధంగా నిలబడ్డాడు. దెబ్బ రాలేదు. భుజం మీదున్న చెయ్యి మాత్రం లేచిపోయింది. పెద్దమ్మ గోడ పట్టుకుని, కాలితో మెట్టు అంచు వెతుక్కుంటూ, ఒక్కతే దిగడం మొదలెట్టింది. వాడు వెనకాల చేతులు చాచుకుని, ముట్టుకునే ధైర్యం లేక, పడితే పట్టుకోవాలనే భయంతో, పంతొమ్మిది మెట్లు దిగాడు.

మర్నాడు డాక్టరమ్మ ముందు పెద్దమ్మే చెప్పింది. తాతకి చూపు పోయిందని, అత్తకి పోలేదని. కొడుకు వరస కుర్రవాడు కోతి వేషాలు వేశాడని కాదు, "మేం గీసిన పటం తప్పండి" అని మాత్రమే. కోతి గోళ్ళు కొరుక్కుంటూ తలుపు దగ్గర నిలబడ్డాడు. డాక్టరమ్మ పెన్ను తీసి తాత గుండ్రం నల్లగా నింపింది. అత్తది తెల్లగా చేర్చింది. పై నుంచి కింద దాకా నాలుగు నల్ల చుక్కలు ఒకదాని కింద ఒకటి వరసగా నిలబడ్డాయి. వాటి కింద కూతురి గుండ్రం ఖాళీగా ఉంది.

"తిన్నగానే దిగుతోంది" అంది.

"అంటే సగానికి సగం."

"అవునమ్మా. మీ నాన్నగారికి వచ్చింది, మీ మేనత్తగారికి రాలేదు. ఇద్దరూ ఒక తండ్రి పిల్లలే. సగానికి సగమంటే అదే. అమ్మాయికి చూపు చుట్టుకొలత పరీక్ష చేద్దాం. ఈరోజు బాగుందని వచ్చినా రేపటికి హామీ కాదు, ఏడాదికోసారి చూసుకుంటూ ఉండాలి."

"నేనేం చెయ్యాలండి?"

డాక్టరమ్మ పెన్ను మూత పెట్టింది. "మీరు చెయ్యగలిగింది ఏమీ లేదు."

కారిడార్లో నర్సు పిలిచేలోపు కూతురు కోతిగాడి పక్కన కూర్చుంది. తిడుతుందనుకున్నాడు.

"రెండు నెలలు భలే నిద్రపట్టిందన్నయ్యా" అంది. "అబద్ధమే అయినా నిద్ర నిజమేగా. ఇప్పుడు నిన్ను తిట్టాలో ఏం చెయ్యాలో తెలీట్లేదు. తర్వాత చూద్దాంలే, నీకు బాకీ."

ఆమె లోపలికెళ్ళింది. తలుపు సరిగ్గా పడలేదు. లోపలంతా చీకటి. ఒక గిన్నెలాంటి యంత్రంలో మొహం పెట్టి కూర్చోవాలట, చుట్టూ ఎక్కడెక్కడో చిన్న చిన్న దీపాలు వెలుగుతాయట, కనపడినప్పుడల్లా చేతిలో మీట నొక్కాలట. నొక్కినప్పుడల్లా టిక్కుమంటుంది.

టిక్. టిక్. టిక్.

పెద్దమ్మ బల్ల మీద ముందుకి వంగి, తల వాల్చి, చెవి తలుపు వైపు పెట్టి కూర్చుంది. ఒక్కో టిక్కుకీ ఆమె బొటనవేలు చీరకొంగుని ఒక్కో పోగు జరుపుతోంది. ఎదురుగా గోడకి గడియారం ఉంది, ఆమె దాన్ని చూడలేదు. మనుషులు అటూ ఇటూ నడిచిపోతున్నారు, కాళ్ళు ఆమెకి తగిలి 'సారీ' అంటున్నారు, ఆమెకి పట్టలేదు. నాలుగు తరాలుగా పని నేర్పించారు, ముడేయడం నేర్పించారు, దాచడం నేర్పించారు. ఇలా ఊరికే కూర్చోవడం ఎవరూ నేర్పలేదు.

టిక్. టిక్.

ఆగింది.

బొటనవేలు ఆగింది. ఒక క్షణం గడిచింది. రెండు. మూడు. కోతిగాడికి ఆ నిశ్శబ్దం భరించరానిదైంది. నిశ్శబ్దం ఎక్కడ కనపడినా ఏదో ఒకటి వేసి పూడ్చడం వాడికి పుట్టుకతో వచ్చిన రోగం.

"ఏం పర్లేదు పెద్దమ్మా" అన్నాడు. "మధ్యలో దీపం వెయ్యడం ఆపారేమో. మిషన్లు అప్పుడప్పుడూ అలా ఆగుతాయి, నాకు తెలుసు. చెల్లికేం కాదు, చూస్తూండు..."

పెద్దమ్మ తల తిప్పలేదు.

"నువ్వు పర్లేదంటేనే నాకు భయమేస్తోందిరా. నోర్మూసుకో. నీ గోలలో పిల్ల టిక్కు వినపట్టం లేదు."